ఇరవై మూడో సెక్షన్‌లో రెండు కర్చీఫులు

చక్రపాణి పాల డబ్బా మీద తేదీని నమ్మడు. మూత తీసి వాసన చూస్తాడు. చెంచాడు నాలుక మీద వేసుకుంటాడు. అప్పటికీ నమ్మకం కుదరక భార్య వసంతలక్ష్మికి అందిస్తాడు. ఆవిడ తాగి బతికి ఉంటే అప్పుడు కాఫీ పెట్టుకుంటాడు.

ఇది ఉద్యోగం నేర్పిన గుణం. రాష్ట్ర రహదారుల శాఖ ల్యాబ్‌లో ముప్ఫై మూడేళ్ళుగా అతని పని కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టడం. ఎక్కడ వంతెన కట్టినా, పోత పోసిన రోజే ఆ కాంక్రీటు కొంచెం తీసి గుండ్రటి అచ్చుల్లో నింపి పంపుతారు. ఆ దిమ్మెల్ని ఇరవై ఎనిమిది రోజులు తడిలో ఉంచి, తరువాత యంత్రం కింద పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకు పగిలిందో కాగితం మీదికి వస్తే తప్ప వంతెన గట్టిదని చక్రపాణి ఒప్పుకోడు.

"మనుషుల్ని కూడా ఇరవై ఎనిమిది రోజులు నానబెట్టి చూడాలి బాబాయ్ గారూ" అన్నాడు పరిచయమైన రోజే. నేను మా అమ్మాయి నీహారిక ఇంటికి వచ్చి అప్పటికి ఇరవై ఏడు రోజులు. మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు గనక, నేను పగల్లేదనే లెక్క. అతని ఇల్లు మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల.

ఊరి పేరు చెప్పను. షికాగో నుంచి కారులో నాలుగు గంటలు. చుట్టూ మొక్కజొన్న, మధ్యలో యూనివర్సిటీ, దాని నడిబొడ్డున నూరేళ్ళ నాటి ఫుట్‌బాల్ స్టేడియం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. కాలికి బంతి తగిలేది బహు తక్కువ. ఆ ఆట చూడటానికి ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే ఎక్కువమంది వస్తారు. ఆట ఉన్న శనివారం నాడు ఊరి కుక్కలు కూడా యూనివర్సిటీ రంగు స్వెట్టర్లు తొడుక్కుని తిరుగుతాయి. ఇది నేను కల్పించింది కాదు, కళ్ళారా చూశాను.

మన తెలుగువాళ్ళు ఆ శనివారాల్లో ట్రాఫిక్‌కి భయపడి గడప దాటరు. చక్రపాణి మాత్రం 1989 నుంచి సీజన్ టిక్కెట్లు కొంటున్నాడు. ఇరవై మూడో సెక్షన్, నలభై ఒకటో వరుస, పక్కపక్కన రెండు సీట్లు. కూతురు వేద పుట్టింది కూడా ఓ ఆట శనివారం నాడే. "ఈయన మొదటి సగమే మిస్ అయ్యారు" అంటుంది వసంతలక్ష్మి. ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆట వంక తలెత్తి చూడదు. ఒళ్ళో ఎర్ర పెన్నుతో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటుంది.

మూడో సీటు వాల్ట్‌ది.

మొదటి ఏడాది మొదటి మూడు ఆటలకూ వాల్ట్‌కీ చక్రపాణికీ మధ్య ఒక్క మాట లేదు. ఒకరినొకరు ఓరగా చూసుకుని సరిపెట్టుకున్నారు. నాలుగో ఆటలో కుండపోత. వాల్ట్ అడగకుండానే తన టార్పాలిన్‌లో సగం వీళ్ళ మీదికి విసిరాడు. ఆ టార్పాలిన్ కిందే చక్రపాణికి ఆట అర్థమైంది. "నాలుగు ప్రయత్నాలు, పది గజాలు. మిగతాదంతా అరుపులే" అన్నాడట వాల్ట్. (ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే. నేను తెలుగులో రాస్తున్నాను.)

అప్పటినుంచి ఏడాదికి ఏడు శనివారాలు పక్కపక్కనే. చక్రపాణి అతనికి చక్. వసంతలక్ష్మి అతనికి ప్రొఫెసర్. వాల్ట్ పోస్ట్‌మన్‌గా రిటైరయ్యాడని వీళ్ళకు తెలుసు, ఏ ఊళ్ళోనో తెలియదు. భార్య పోయిందని తెలుసు, ఎందుకంటే ఒక ఏడు మొదటి ఆటకు ఒక్కడే వచ్చి పక్క సీటు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కూతురి దగ్గర ఉంటున్నాడని తెలుసు. ఇంటిపేరు తెలియదు. ఫోన్ నంబరు తెలియదు. చక్రపాణి 1992లో ఒకసారి అడగబోతే, వాల్ట్ కళ్ళు చికిలించి "నాకేమైనా అమ్ముతావా?" అన్నాడట. అంతకు ముందు నెలే ఎవరో ఇండియన్ తనని భోజనానికి పిలిచి, పాయసం తరువాత బోర్డు మీద వృత్తాలు గీసి, సబ్బులు అమ్మితే కోటీశ్వరుడివి అవుతావన్నాడట. చక్రపాణి నొచ్చుకుని మళ్ళీ అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు. సీటు ఉంది కదా, శనివారం వస్తాడు కదా.

ఇప్పుడు ఆ సీటే పోయేట్టు ఉంది.

రెండేళ్ళ కింద స్టేడియం బాగుచేయడం మొదలుపెట్టారు. బయటి ఇటుక కమానుల్ని అలాగే ఉంచి, లోపలి తూర్పు మెట్లన్నీ కొట్టేసి కొత్తవి కట్టారు. పైన ఇంకో అంతస్తు, అద్దాల గదులు, ఓ చివర మూడంతస్తుల మేడంత తెర. కొట్టేయడం న్యాయమేనని చక్రపాణి ఒప్పుకున్నాడు. పాత కాంక్రీటు పెచ్చు ఒకటి తెచ్చి చూసి, లోపలి ఇనుము తుప్పుపట్టిందని నిర్ధారించాడు. కొత్తది కట్టేవాళ్ళ మీద మాత్రం నమ్మకం లేదు. ఆదివారాలు కంచె బయట బైనాక్యులర్స్‌తో నిలబడి కాంక్రీటు లారీలు ఎన్నింటికి వచ్చాయో, ఎన్నింటికి పోత పోశాయో రాసుకునేవాడు. సెక్యూరిటీవాళ్ళు రెండుసార్లు పేరు అడిగారు. అతను వాళ్ళ పేర్లూ రాసుకున్నాడు.

"అసలు మోసం సీట్లలో ఉంది బాబాయ్ గారూ" అన్నాడు ఓ రోజు మా వంటింట్లో కాగితం పరిచి. "పాత బెంచీ మీద మనిషికి పదిహేడు అంగుళాలు. ఇప్పుడు ఇరవై చేశారు. నలభై ఒకటో వరుసలో ఇరవై నాలుగు సీట్లు ఇరవై అయ్యాయి. అంటే నలుగురు గెంటివేత."

"నూరేళ్ళలో ఈ దేశంలో నడుములు పెరిగాయోయ్. దానికి యూనివర్సిటీ ఏం చేస్తుంది?"

"ఎవరా నలుగురు? అది చెప్పరే?"

పోయిన సీజన్‌లో తూర్పువైపు మూసేసి, అక్కడివాళ్ళని మిగతా మూడు వైపులకీ చెదరగొట్టారు. ఏడు ఆటల్లోనూ చక్రపాణి బంతిని చూడలేదు. బైనాక్యులర్స్‌తో నలభై వేల మొహాల్లో వాల్ట్‌ని వెతికాడు. ఒక్కసారి దొరికాడు. ఉత్తరం మూల ఎవరో టోపీవాడి పక్కన కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు.

"నా పక్కన అంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు" అన్నాడు చక్రపాణి.

"మీరు జోకులు వేస్తే కదా" అంది వసంతలక్ష్మి.

ఏప్రిల్‌లో ఓ శనివారం నాడు కొత్త సీట్లు ఎంచుకోవాలని ఉత్తరం వచ్చింది. పద్ధతి ఏమిటంటే, ఖాళీ సీట్లకు పసుపుపచ్చ చీటీలు కట్టి ఉంటాయి. ఒక్కొక్కరికీ పది నిమిషాల టైమ్ ఇస్తారు. ఆ టైమ్‌లో వెళ్ళి, నచ్చిన సీటు చీటీ తెంపుకుని బల్ల దగ్గర ఇస్తే సీటు మనది. టైమ్ దాటితే సాయంత్రం అయిదు తరువాత మిగిలినవే గతి. యూనివర్సిటీకి ఎక్కువ విరాళం ఇచ్చినవాళ్ళకు పొద్దున్న. చక్రపాణికి మూడు నలభై.

"వాల్ట్‌కి ఎన్నింటికో తెలీదు" అన్నాడు. "మా ఇద్దరి చోటు కొత్త లెక్క ప్రకారం తొమ్మిది, పది. ఆయనది పదకొండు. ఆయన పదకొండే తీసుకుంటాడు, అందులో డౌట్ లేదు. నేను వెళ్ళేసరికి తొమ్మిది, పది ఎవరైనా ఎత్తుకుపోతే? నేనెక్కడో, ఆయనెక్కడో. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఏ శనివారమైనా రాకపోతే ఎవర్ని అడగాలి నేను?"

అంతసేపూ అతని అనుమానాలకు నవ్వుతున్నవాణ్ణి, అక్కడ నవ్వలేకపోయాను.

"పొద్దున్న టైమ్ ఎవరికైనా ఉందా మనవాళ్ళలో?"

"పళ్ళ డాక్టర్ రవిశంకర్‌కి. పదింటికి. ఆయన మీదా నాకు నమ్మకం లేదు. ఎవరి అకౌంట్‌కి వాళ్ళే చీటీ తెంపాలి, ఆయన మన కోసం తీయలేడు. తనకోసం మాత్రం తీసుకోగలడు."

"గెస్ట్‌ని తీసుకెళ్ళొచ్చా?"

"ఇద్దర్ని."

"అయితే నేను వెళ్ళి కర్చీఫ్ వేసి వస్తా."

నేను నలభై ఏళ్ళు ఆర్టీసీలో పనిచేశాను, అందులో పద్నాలుగేళ్ళు బెజవాడ బస్టాండులో కంట్రోలర్‌ని. సీటు ఎవరిదో టిక్కెట్టు చెప్పదు, కిటికీలోంచి ముందుగా పడ్డ గుడ్డ చెబుతుంది. ఆ ధర్మాన్ని దొంగలు కూడా తప్పరు. పుష్కరాల రద్దీలో ఒకాయన జేబులో గుడ్డ లేక కట్టుడు పళ్ళు విసిరాడు. బస్సు కిక్కిరిసి గుంటూరు దాకా వెళ్ళింది, ఆ సీట్లో ఒక్కడు కూర్చోలేదు. పాపం ఆయన తోపులాటలో బస్సు ఎక్కలేకపోయాడు. పళ్ళు గుంటూరు చూశాయి, ఆయన చూడలేదు.

"ఇది అమెరికా బాబాయ్ గారూ."

"అమెరికాలో గుడ్డలు లేవా?"

"వెయ్యనివ్వండి, పోయేదేముంది" అంది వసంతలక్ష్మి. పోయేది చాలానే ఉందని అప్పుడు మా ముగ్గురికీ తెలియదు.

శనివారం పదింటికి రవిశంకర్ వెంట వెళ్ళాను. ఆయన నేరుగా అద్దాల గదుల వైపు ఎక్కాడు. నలభై ఒకటో వరుస వంక చూడనైనా చూడలేదు. నేను తూర్పు మెట్లెక్కి, ఇస్త్రీ చేసిన తెల్ల కర్చీఫులు రెండు మడత నలగకుండా తొమ్మిది మీద ఒకటి, పది మీద ఒకటి పరిచాను. గాలి ఈడ్చి కొడుతోంది. పనివాళ్ళు వదిలేసిన గులకరాళ్ళు రెండు ఏరి ఒక్కోదాని మీద ఒకటి పెట్టాను. తరువాత మెట్లకు అవతలి పక్క ఎండలో కూర్చుని, ఉచితంగా ఇచ్చిన పాప్‌కార్న్ తింటూ కాపలా కాశాను.

పదిన్నరకు ఒక జంట వచ్చింది. చీటీ తెంపబోయి కర్చీఫులు చూసి ఆగారు. మగాయన టోపీ తీశాడు. ఇద్దరూ తల వంచుకుని ఓ నిమిషం నిలబడి పై వరుసకు వెళ్ళిపోయారు. మర్యాదస్తులు అనుకున్నాను. పదకొండుకు ఓ పెద్దావిడ వచ్చి కళ్ళు తుడుచుకుని తన కోటుకున్న బిళ్ళ తీసి రాయి పక్కన పెట్టింది. పన్నెండుకు ఇంకొకావిడ ఎక్కడినుంచో ఎర్ర పూలు తెచ్చింది. ఒంటిగంటకు పసుపు చొక్కా వాలంటీర్ వచ్చి ఆ రెండు సీట్ల చుట్టూ తాడు కట్టాడు.

అప్పటికి నాకు విషయం తెలిసింది. ఎవరో పాత ప్రేక్షకులు చనిపోతే వాళ్ళ గుర్తుగా అలా పెట్టారనుకుంటున్నారు జనం. వెళ్ళి చెప్పొచ్చు. చెబితే తాడు విప్పుతారు, సీట్లు పోతాయి. మా కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి బెత్తం వాడేవాళ్ళు గానీ నోరు మూసుకున్నవాణ్ణి ఎన్నడూ కొట్టలేదు. నోరు మూసుకున్నాను.

రెండింటికి ఓ పొడుగాటి ముసలాయన కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. తాడు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి ఏదో రాసి రాయి కింద పెట్టాడు. పదకొండో నంబరు వైపు చూశాడు, చీటీ ముట్టుకోలేదు. ఎవరో మరీ మెత్తటి మనిషి అనుకుని ఇంకో పాప్‌కార్న్ తెచ్చుకున్నాను. ఇంకో అరగంటకు ఆ పదకొండూ, పక్కనున్న పన్నెండూ ఎవరో దంపతులు తెంపుకున్నారు.

మూడు నలభైకి చక్రపాణి, వసంతలక్ష్మి వచ్చారు. పూల కుప్ప చూసి చక్రపాణి ఆగిపోయాడు.

"బాబాయ్ గారూ, నన్ను పూడ్చేశారా?"

"సీటు భద్రంగా ఉందోయ్. అది చూడు ముందు."

"రవిశంకర్ పనే ఇది. ఏదో ప్లాన్ ఉంది."

వసంతలక్ష్మి రాయి కింద కాగితం తీసి చదివింది. "చక్, ప్రొఫెసర్. ఇద్దరూ ఒకేసారి వెళ్ళారా. నాకెవరూ చెప్పలేదు. మీ పేర్లు పూర్తిగా తెలిస్తే పేపర్లో చూసేవాణ్ణి. వాల్ట్."

చక్రపాణి కాగితాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఆయన రాసిందేనని ఏంటి గ్యారంటీ?" అన్నాడు గానీ, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండింటికి నేను చూసిన ముసలాయన ఎలా ఉన్నాడో చెప్పాను. పొడుగు, కొంచెం వంగిన వీపు, ఎడమ చెవికి మిషన్.

నాలుగు మెట్ల కిందే ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళాం. అక్కడి ఆవిడ మేం చెప్పిన పాత సీటును బట్టి కంప్యూటర్ చూసి, "ఆయన ఏమీ తీసుకోలేదు. ఇకనుంచి టిక్కెట్లు వద్దని రాసిచ్చి వెళ్ళారు" అంది.

"ఆయన ఇంటిపేరు చెప్పండి. ఫోన్ నంబరు."

"మీ ఫ్రెండే కదా?"

"ముప్ఫై అయిదేళ్ళ ఫ్రెండ్."

"ఇంటిపేరు తెలియని ఫ్రెండా?" ఆవిడ చక్రపాణిని పైనుంచి కిందిదాకా చూసింది. అలాంటి చూపు అతను ఊరందరి మీదా వాడినదే, మొదటిసారి తన మీద పడింది. "సారీ సర్. వివరాలు ఇవ్వకూడదు. మీకు ఇంకా ఆరు నిమిషాలు ఉన్నాయి."

మైదానం అంచున ఒకమ్మాయి కెమెరాతో కొత్త తెరని పరీక్షిస్తోంది. మెట్ల మీద తిరిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ మేడంత అయి తెర మీద కనిపిస్తున్నాయి. వసంతలక్ష్మి అది చూసింది. సంచీలోంచి ఎవరిదో పరీక్ష పేపరు తీసి, వెనక వైపు ఎర్ర పెన్నుతో పెద్ద అక్షరాల్లో, "వాల్ట్, మేం చావలేదు" అని ఇంగ్లీషులో రాసింది.

"పట్టుకోండి. మీ మొహం కూడా కనపడాలి."

"ఆయన ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు."

"ముందు పట్టుకోండీ!"

కెమెరా అమ్మాయి నవ్వి ఇటు తిప్పింది. నూరేళ్ళ స్టేడియంలో అంత పెద్ద అనుమానపు మొహం ఎన్నడూ కనపడి ఉండదు. జనం గొల్లున నవ్వారు. ఎర్ర పూలు పెట్టిన ఆవిడ మాత్రం విసవిసా వచ్చి తన పూలు తాను తీసుకుని వెళ్ళిపోయింది.

"మూడు నిమిషాలు" అంది బల్ల దగ్గరావిడ.

"ఈ రెండూ తీసేసుకోండి, తరువాత వెతుకుదాం" అంది వసంతలక్ష్మి. చక్రపాణి తొమ్మిది, పది చీటీలు పట్టుకున్నాడు. తెంపలేదు.

"ఇటు ఎనిమిదీ, అటు పదకొండూ పోయాయి లక్ష్మీ. ఇవి తీసుకుంటే ఆయన వచ్చినా మన పక్కన చోటుండదు. వదిలేస్తే అయిదింటికి మూడు కలిపి తీసుకోవచ్చు."

"వస్తే కదా?"

"వస్తే."

"వస్తాడని ఏంటి గ్యారంటీ?" అన్నాను నేను, అలవాటు ప్రకారం అతను అనాల్సిన మాట.

చక్రపాణి చీటీలు వదిలేసి, తాడు విప్పి, నా కర్చీఫులు మడిచి నా చేతికిచ్చాడు. పది నిమిషాలు అయిపోయాయి. మా వెనక నిలబడ్డ ఇద్దరు యువకులు టకటకా వచ్చి ఆ రెండు చీటీలూ తెంపుకుని పోయారు. అతను మెట్ల మీద కూర్చుని, వచ్చే దారి వైపు చూడసాగాడు. అయిదు నిమిషాలు. పది. పావుగంట. అంతసేపూ లారీల టైమ్ రాసుకునే పుస్తకం ఒళ్ళోనే ఉంది, తెరవలేదు.

ముసలాయన దారి మలుపులో కనపడ్డాడు. పార్కింగ్‌లో తన పికప్ ట్రక్కులో కూర్చుని, కన్నీళ్ళకు దారి కనపడక ఆగిపోయాడట. తలెత్తితే గోడ మీదుగా కనపడే తెర మీద చచ్చినవాడు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి, తడి రంగు ఆరిందో లేదో చూసినట్టు వేలితో చక్రపాణి భుజం మీద పొడిచాడు.

"గట్టిగానే ఉన్నావు."

"నువ్వు టిక్కెట్లు వద్దన్నావట?"

"నీ సీటు మీద తెల్లగుడ్డ. దాని మీద రాయి. చుట్టూ పూలు. నేనేమనుకోవాలి?"

"బస్సు అనుకోవాలి" అన్నాను. కర్చీఫ్ ధర్మం మొత్తం వివరించాను, కట్టుడు పళ్ళతో సహా. వాల్ట్ ఓపిగ్గా విని చక్రపాణి వైపు తిరిగాడు.

"ఎవరీయన?"

"మా వైపు బస్సుల ఆఫీసర్."

"ఈయన్ని నమ్మకు."

"నమ్మను" అన్నాడు చక్రపాణి.

పోయిన ఏడు పక్కన కూర్చుని నవ్వించిన టోపీవాడెవరని కూడా అప్పుడే అడిగేశాడు. "చెవిటివాడు" అన్నాడు వాల్ట్. "నేనూ అంతే. ఎవరేమన్నా నవ్వడమే."

బల్ల దగ్గరావిడ వాల్ట్ రాసిచ్చిన కాగితాన్ని వెతికి చింపేసింది. అయిదింటికి మూడు కలిసి ఉన్న సీట్లు ఒక్కచోటే మిగిలాయి. ఉత్తరం మూల, చిట్టచివరి వరుస. ఎదురుగా లైటు స్తంభం, దాని వెనక మైదానంలో పది గజాలు మాయం. అక్కడిదాకా ఎక్కడానికి వాల్ట్ మూడుసార్లు ఆగాడు. "ఆ పది గజాల్లో ఏం జరిగిందో నువ్వు చెప్పు, ఈ పక్క నేను చెబుతా" అన్నాడు రొప్పుతూ. చక్రపాణి సీటు కింద కాంక్రీటుని వేలి కణుపులతో కొట్టి చూశాడు. పరవాలేదన్నట్టు తలూపి కూర్చున్నాడు.

తరువాత పుస్తకం తెరిచి, "నీ ఫోన్ నంబరు చెప్పు. ఇంటిపేరు కూడా" అన్నాడు.

వాల్ట్ ఈసారీ కళ్ళు చికిలించాడు. "సెల్ ట్రక్కులో ఉంది, దాని నంబరు నాకే తెలీదు. ఇంటి నంబరు రాసుకో" అని చెప్పాడు. చక్రపాణి రాసుకుని, అది నిజమైన నంబరో కాదో చూడటానికి అక్కడే డయల్ చేసి స్పీకర్ పెట్టాడు.

"హలో?" అంది ఒక ఆడగొంతు.

"నేను చక్‌ని అండీ. మీ నాన్నగారి పక్క సీటు చక్."

"మా నాన్న రెండున్నరకి ఫోన్ చేసి చక్ పోయాడని ఏడ్చాడు. ఎవరు నువ్వు? చచ్చినవాళ్ళ పేరుతో ఫోన్ చేయడానికి సిగ్గులేదూ?" అని ఫోన్ పెట్టేసింది.

చక్రపాణి మళ్ళీ చేశాడు. "పోలీసులకు చెబుతాను" అని మళ్ళీ పెట్టేసింది. ఈసారి వాల్ట్ ఫోన్ అందుకుని చేశాడు. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు.

వాల్ట్ ఫోన్ తిరిగి ఇచ్చేసి కాళ్ళు చాపుకున్నాడు. "నంబరు సరైనదే" అన్నాడు గర్వంగా. "మా అమ్మాయి ఎవర్నీ ఊరికే నమ్మదు."